నీళ్లు తగిలితే రాయి కరుగుతుందని ఐదో తరగతి పాపకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా పాప, నేను కలిసి బ్యారెన్ ద్వీపం నమూనా చేస్తున్నాం. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగా దాదాపు 140 కి.మీ. దూరంలో ఉంది. ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

నీటి పైన కనిపించేది 350 మీటర్లే, సముద్రం అడుగు నుంచి కొలిస్తే 2 కి.మీ. పైమాటే. అందుకని పాత చేపల తొట్టెలో బంకమట్టితో కొండ కట్టి నీళ్లు నింపాం. పైకి బొటనవేలంత కొన మిగిలింది. పాప అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా (ప్లేట్లుగా) ఉంటుంది, వాటిలో ఇండియన్ ప్లేట్ బర్మా ప్లేట్ కిందికి దూరుతూ తనతో నీటిని కూడా లోపలికి తీసుకెళ్తుంది, ఆ నీరు చేరడం వల్ల వేడి రాయి తక్కువ ఉష్ణోగ్రతకే కరిగి మాగ్మా అవుతుంది అని చెప్పాను. "నాన్నా, నీళ్లు పోస్తే నిప్పు ఆరిపోతుంది కదా?" అంది. పొయ్యి మీద బెల్లం చూపించాను. ఉత్త మూకుడులో మాడింది, గరిటెడు నీళ్లు పోస్తే పాకమైంది. కానీ అది నీళ్లలో కలిసిపోవడమే కదా, తప్పు నేర్పుతున్నానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఐసు మీద ఉప్పు చల్లి, అది ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే కరగడం చూపిస్తే అసలు విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుందా? పిల్లలకు పాఠాలు చెప్పేవారు, జియాలజీ చదివినవారు దయచేసి చెప్పండి.