రైతుల దగ్గర కలిసి కొందామంటే అందరూ "నాక్కూడా" అంటున్నారు, ఎంతో చెప్పరు

ప్రశ్న:
మా వీధిలో 30 కుటుంబాల దాకా ఉన్నాం. దగ్గరి రైతుల నుంచి కూరగాయలు నేరుగా కొని పంచుకునేలా సహకార సంఘం పెడదామని రెండు నెలలుగా అనుకోవడమే సరిపోయింది. ఒకరు షాపు అద్దెకు తీసుకుందాం అంటారు, ఇంకొకరు ముందు రిజిస్ట్రేషన్ అంటారు. ఈలోగా వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఎవరికెంత కావాలో చెప్పమంటే 22 మంది "నాక్కూడా" అని పెట్టారు, అంతే. ముగ్గురు రైతులతో మాట్లాడాను. ముగ్గురూ అడిగింది ఒకటే, "ఎంత తీసుకుంటారు?" అని. ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను. ఇలాంటిది నడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

జవాబు (పాత కోశాధికారి):
మమ్మల్ని ముంచింది కూడా ఆ "నాక్కూడా"లేనండి. ఆరేళ్ళు ఒక సంఘం లెక్కలు చూశాను. మొదటి ఆదివారం మాట మీద నమ్మి సరుకు తెప్పించాం. సాయంత్రానికి మా వరండాలో 11 సంచులు అలాగే ఉన్నాయి, ఆకుకూరలు వేలాడిపోయి. రైతుకు మాత్రం పూర్తి డబ్బు ఇచ్చాం, మా నలుగురి జేబుల్లోంచే. ఇవ్వకపోతే ఆయన మళ్ళీ మా ఫోన్ ఎత్తేవాడా?

అందుకని షాపు ఇప్పుడే వద్దు. గురువారం రాత్రికల్లా కిలోలు, డబ్బు రెండూ వచ్చినవాళ్ళకే ఆదివారం సంచి. టోక్యోలో 1965లో మొదలైన సేకాట్సు క్లబ్ అనే వినియోగదారుల సహకార సంఘం కూడా షాపుతో కాదు, పాలు కలిసి కొనడంతో మొదలైంది.

రెండోది తూకం. దీని దగ్గరే స్నేహాలు చెడతాయి. 20 కిలోల ట్రే విప్పి కిలో సంచులు కట్టి చూడండి, 20 రావు. కాటా కిలో చూపించాక కూడా ఇంకో చిన్న కాయ వేస్తేగానీ మన చెయ్యి ఊరుకోదు. సంచికి 30 గ్రాములు ఎక్కువ పడితే 20 సంచులకు 600 గ్రాములు పోయినట్టే. తడి ఆరిపోయేది వేరే. ఆ తరుగు ఎవరిదో మొదటి రోజే రాసుకోండి. మేం ధరలో కొద్దిగా కలుపుకున్నాం. రైతు నెత్తిన మాత్రం వెయ్యకండి, మార్కెట్లో ఆయనకు ఎలాగూ అదే జరుగుతుంది.

1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి పెట్టిన సంఘం పద్ధతులు చూడండి: అరువు లేదు, తూకం సరిగ్గా ఉండాలి, మనిషికి ఒకే ఓటు, మిగులేమో ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి పంపకం. రిజిస్ట్రేషన్ మూడు నెలలు నడిచాక చూసుకోవచ్చు.

జవాబు (పొలం చేసేవాణ్ణి):
మా వైపు నుంచి రెండు ముక్కలు. మీరు నున్నటివి ఏరుకుని వంకరవి వదిలేస్తే, ఆ మిగిలిన సరుకును మార్కెట్లో సరైన ధరకు ఎవడూ కొనడు. తీసుకుంటే కలగలుపుగా తీసుకోండి. వచ్చే పంటకు మీకేం కావాలో విత్తనం వెయ్యకముందే చెప్పండి. కోత అయ్యాక అడిగితే నేనేం చెయ్యగలను?

జవాబు:
ముందే డబ్బు కట్టాలంటే నెలాఖర్లో మాలాంటివాళ్ళు తప్పుకోవాల్సిందే. బదులుగా సంచులు కట్టే పని చేస్తే చాలదా?

జవాబు (పాత కోశాధికారి):
మీరన్నది నిజమే. కానీ పని పెడితే మన ఖర్చు తగ్గుతుంది, రైతుకు ఆ రోజు చేతికివ్వాల్సిన డబ్బు రాదు కదండీ. మేం చేరేటప్పుడు కట్టించుకున్న వాటాధనంలో కొంత పక్కన పెట్టి, వారానికి రెండు మూడు కుటుంబాలకు అందులోంచి సర్దాం. ఎవరికి సర్దామో గ్రూపులో పెట్టలేదు. సంచులు కట్టే వంతు మాత్రం అందరికీ వేశాం, నాతో సహా.

అడిగినవారు:
రాత్రి గ్రూపులో "కిలోలు, డబ్బు, గురువారం" అని పెట్టాను. పొద్దుటికి ఏడుగురు డబ్బు పంపారు. రైతుకు ఫోన్ చేసి మొదటిసారి అంకె చెప్పాను, చిన్నదే అయినా సరేనన్నాడు. ఒకాయన మాత్రం కింద మళ్ళీ "నాక్కూడా" అని పెట్టారు.