హైమ్‌డాల్ దాచినది కొమ్మునా, చెవినా?

ఉత్తర ఐరోపా వారి నార్స్ పురాణాల్లో దేవలోకానికి కావలి కాసే హైమ్‌డాల్ గురించి ‘వోలుస్పా’ కావ్యంలో ఉన్న ఒక పాదం నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. పవిత్ర వృక్షం కింద అతని ‘హ్ల్యోద్’ దాగి ఉన్నదని సోదెకత్తె చెబుతుంది. దీనిని కొందరు కొమ్ము అనీ, కొందరు చెవి అనీ అనువదించారు. తెలుగులో ఏమనాలి?

—

సందేహమెందుకు? కొమ్మే. ప్రళయం ముంచుకొచ్చినప్పుడు హైమ్‌డాల్ కొమ్మెత్తి బిగ్గరగా ఊదుతాడని అదే కావ్యం చెబుతున్నది. ఆ చెట్టు వేరు దగ్గరి బావి నీటిని, దాని యజమాని మీమిర్ ఆ కొమ్ముతోనే తాగుతాడని 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాశాడు. ఊదడానికీ తాగడానికీ పనికొచ్చేది కొమ్ము కనుక దయచేసి ‘బూర’ అనకండి.

—

మాస్టారూ, ఊదే చోట కవి ‘హోర్న్’ (కొమ్ము) అని స్పష్టంగానే అన్నాడు, మరి ఇక్కడ మాట ఎందుకు మార్చినట్టు? కావ్యం మొదట్లో సోదెకత్తె సభను అడిగేది కూడా ‘హ్ల్యోద్’నే. అక్కడ కొమ్ము ఇమ్మని అడిగిందంటారా? ఆమె కోరినది మౌనంగా ఆలకించమని. పైగా దీని తరువాతి పద్యంలోనే దేవతల పెద్ద ఓడిన్ ఆ మీమిర్ బావిలో దాచిన కన్ను ప్రస్తావన ఉన్నది కాబట్టి, అతడు కన్ను తాకట్టు పెట్టినట్టే ఇతడు చెవి పెట్టాడనుకోవడం సమంజసం. స్నోరి చెప్పినట్టు గడ్డి మొలిచే చప్పుడూ, గొర్రె ఒంటిమీద ఉన్ని పెరిగే చప్పుడూ వినగలవాడికి ఒక చెవి చాలదా?

—

ఇద్దరూ ‘విను’ అనే అర్థమున్న సంస్కృత ‘శ్రు’ ధాతువును మరిచారు. ‘హ్ల్యోద్’ దానికి జ్ఞాతి. అమరకోశంలో ‘శ్రుతి’ అంటే చెవి, మన పాటకచేరీలో అది నాదం. ఒక్క మాటతో రెండు పక్షాలూ తృప్తిపడవచ్చు.

—

శ్రుతి అనగానే తంబురా వినిపిస్తుంది కానీ గొర్రె ఉన్ని కాదు, కనుక నా ఓటు ‘వినికిడి’కి. పోతన గజేంద్రుడు “వినుదట జీవుల మాటలు” అన్నప్పుడు ఆ ‘అట’లో ఉన్నది కూడా వినికిడే కదా. ఆ పద్యంలోనే శరణార్థులు పిలిస్తే దేవుడు ‘కో’ అంటాడు.

—

‘కో’ కాదండీ, అక్కడ పదం విరిస్తే శరణార్థులకు, ‘ఓ’. దేవుడు పలికేది ‘ఓ’ మాత్రమే. హైమ్‌డాల్ దగ్గర వరస తిరగబడింది: అతడు ఊది పిలిస్తే నిద్ర లేవవలసినవారు దేవతలు.

—

అయితే అది కొమ్మేనని మీరూ ఒప్పుకున్నట్టే.

—

నేను ఒప్పుకున్నది ‘ఓ’ ఒక్కటే.