ఒకే మోడల్ స్కూటర్‌కి రెండు రకాల కంట్రోలర్లు: స్పేర్ ఏ లెక్కన ఆర్డర్ చేయాలి?

ఖమ్మంలో చిన్న ఈవీ సర్వీస్ షాపు నడుపుతున్నాను. ఎక్కువగా వచ్చేవి రిజిస్ట్రేషన్ అక్కర్లేని, గంటకు 25 కి.మీ. దాటని 60 వోల్టుల స్కూటర్లు. స్పేర్లన్నీ ఎక్సెల్‌లో మోడల్ పేరుతో రాసుకుంటాను. అక్కడే దెబ్బ తింటున్నాను.

గత రెండు నెలల్లో తెప్పించిన 7 కంట్రోలర్లలో (బ్యాటరీ కరెంటుని మోటారుకి అదుపుగా అందించే యూనిట్లు) 4 సరిపోలేదు. కనెక్టర్లు అచ్చంగా కూర్చుంటాయి, కానీ యాక్సిలరేటర్ తిప్పగానే మోటారు గడగడమని కుదుపుతుంది, చక్రం తిరగదు. స్టాండ్ మీద వేసి చూసినా అంతే.

చక్రం చేత్తో తిప్పుతూ హాల్ సెన్సార్ల (మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి) వైర్లు మీటర్‌తో చూశాను, మూడూ 0, 5 వోల్టుల మధ్య సరిగ్గానే మారుతున్నాయి. ఫేజ్ వైర్లు (కంట్రోలర్ నుంచి మోటారుకి కరెంటు వెళ్లే మూడు వైర్లు) ఆరు రకాలుగా మార్చి కలిపాను, ఫలితం లేదు. పాత కంట్రోలర్ మళ్లీ పెడితే వేడెక్కేదాకా, అంటే ఓ పది నిమిషాలు, బాగానే నడుస్తుంది. కాబట్టి మోటారు తప్పు కాదు. హాల్ యాంగిల్ (ఆ సెన్సార్ల సిగ్నళ్ల మధ్య కోణం) 60, 120 డిగ్రీల తేడా అని నా అనుమానం, కానీ పెట్టె మీద అది రాసి ఉండదు. సప్లయర్‌ని అడిగితే మోడల్ పేరు చాలంటారు. వాపసు పంపి కొత్తది వచ్చేసరికి 12 నుంచి 16 రోజులు. అన్నాళ్లూ బండి నా షాపులోనే. రోజూ పనికి దాని మీదే వెళ్లే కస్టమర్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి షాపు నడిపేవాళ్లు చెప్పండి: సరైన కంట్రోలర్ మొదటిసారే రావాలంటే ఆర్డర్‌లో ఛాసిస్ నంబరు ఇవ్వాలా, పాత కంట్రోలర్ లేబుల్ మీది పార్ట్ నంబరు ఇవ్వాలా?