ఎన్‌పీవో (నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడని) పేషెంట్‌కి పొద్దున ఇన్సులిన్: ఇవ్వాలా, ఆపాలా? పిల్లలకి ఎలా నేర్పాలి?

గుంటూరు ట్యూటర్

బీఎస్సీ నర్సింగ్ థర్డ్ ఇయర్ పిల్లలు సర్జికల్ వార్డు పోస్టింగ్‌లో ఉన్నారు. పోస్ట్ కాన్ఫరెన్స్‌కి (డ్యూటీ తర్వాత జరిగే చర్చకి) తయారు చేసిన కేసు ఇది.

58 ఏళ్ల ఆవిడ, టైప్ 2 షుగర్. కాలి పుండు శుభ్రం చేయడానికి 9 గంటలకు ఓటీ. రాత్రి 12 నుంచి ఎన్‌పీవో. రోజూ 30/70 ఇన్సులిన్ పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు. రాత్రి 10కి జీఆర్‌బీఎస్ (వేలు గుచ్చి చూసే షుగర్) 168, పొద్దున 6కి 82. చెమటల్లేవు, బాగానే మాట్లాడుతోంది. కేస్ షీట్‌లో ‘కంటిన్యూ ఇన్సులిన్’ అని ఒక్క ముక్క ఉంది.

సగం మంది ‘ఆర్డర్ ఉంది కదా, ఇచ్చేస్తాం’ అంటున్నారు. మిగతా సగం ‘ఆపేస్తాం’ అంటున్నారు, ఎవరికి చెప్తారని అడిగితే మాట లేదు. నాకు రెండూ తప్పే అనిపిస్తోంది. వార్డులో ఉన్నవాళ్లు ఈ నిర్ణయం ఏ వరసలో తీసుకుంటారు? దాన్ని పిల్లలకి ఎలా అందించాలి?

సర్జికల్ వార్డు ఇన్‌చార్జి, బెజవాడ

రెండూ తప్పే మేడమ్. ముందు ఆ 20 యూనిట్లని పిల్లల చేతే విడగొట్టించండి. 30/70 అంటే 30 శాతం రెగ్యులర్ (త్వరగా పనిచేసేది), 70 శాతం ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది). అంటే ఇక్కడ 6 యూనిట్లు రెగ్యులర్, 14 ఎన్‌పీహెచ్. 6 గంటలకు పొడిస్తే రెగ్యులర్ అరగంటలో మొదలై 8–10 మధ్య గట్టిగా పనిచేస్తుంది, అంటే ఆవిడ టేబుల్ మీద ఉన్నప్పుడు. ఎన్‌పీహెచ్ జోరు పది దాటాక మొదలై మధ్యాహ్నం దాకా ఉంటుంది, అప్పటికీ కడుపులో ఏమీ పడి ఉండదు. మత్తులో ఉన్న మనిషి కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేదు. చెమటలు పోస్తే వేరే కారణం అనుకోవచ్చు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేస్తే ‘ఆర్డర్ ఉంది కదా’ అనే మాట ఇంకెవరూ అనరు.

తర్వాత చూడాల్సింది 82 ఒక్కటే కాదు, 168 నుంచి 82కి దిగిందనేది. రాత్రి వేసిన 12లో 8 యూనిట్లకు పైగా ఎన్‌పీహెచ్ ఉంది, అది ఇంకా పూర్తిగా అయిపోలేదు. కాబట్టి 82 అక్కడే ఆగుతుందన్న భరోసా లేదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కువుంటే ఇన్సులిన్ ఒంట్లో ఇంకా సేపు నిలుస్తుంది, కాలి పుండు కేసుల్లో అది తప్పకుండా చూడాలి. అటెనొలాల్ లాంటి బీపీ మాత్ర వాడుతుంటే వణుకు, గుండెదడ బయటపడవు. చెమట మాత్రం పడుతుంది.

రీడింగ్‌ని కూడా అనుమానించాలి. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, వేలు గట్టిగా పిండినా, స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేసినా అంకె మారుతుంది. డెక్స్ట్రోజ్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే చేయి సబ్బుతో కడిగి, తుడిచి, రెండో చేతి వేలి పక్కవైపు గుచ్చండి. ఇంకో మాట, ఎన్‌పీవో బోర్డు ఉన్నా అటెండెంట్లు కాఫీ పట్టేస్తారు. తిట్టకుండా అడిగితేనే నిజం చెప్తారు. అది షుగర్ కన్నా మత్తు డాక్టరుకి ముఖ్యం.

ఇప్పుడు ఫోన్. డోసు చేతిలో ఆగి ఉంటుంది, కానీ నిర్ణయం నర్సు జేబులో ఉండకూడదు. ఫోన్‌లో చెప్పాల్సింది ఇంతే: ‘సార్, ఫిమేల్ సర్జికల్ నుంచి స్టాఫ్ నర్సుని. 14వ బెడ్, 9 గంటల ఓటీ, 12 నుంచి ఎన్‌పీవో. 30/70 ఇన్సులిన్ 20 యూనిట్లు 6 గంటలకు వేయాలి. రాత్రి 168, ఇప్పుడు 82, స్పృహలో ఉంది, చెమటల్లేవు. డ్రిప్ ఏమీ లేదు. డోసు ఆపి ఉంచాను. డెక్స్ట్రోజ్ డ్రిప్, గంట గంటకీ షుగర్ పెట్టమంటారా? ఇన్సులిన్ ఎంత?’ ఆయన చెప్పింది తిరిగి చదివి వినిపించి, రాసి, ఆయన వార్డుకి వచ్చినప్పుడు సంతకం తీసుకోవాలి. హౌస్ సర్జన్ ‘ఇచ్చేయండి’ అని ఫోన్ పెట్టేస్తే పీజీ డాక్టరుకి, అక్కడా తేలకపోతే మత్తు డాక్టరుకి. ఈ మెట్లు పిల్లలకి ముందే తెలిసి ఉండాలి.

మామూలుగా ఆపరేషన్ రోజు పొద్దున ఎన్‌పీహెచ్ సగం ఇవ్వమంటారు, గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) అయితే 75–80 శాతం. రెగ్యులర్ భాగం తిండి లేకుండా ఇవ్వరు. 30/70లో ఆ రెండూ ఒకే సీసాలో కలిసిపోయాయి, అందుకే అదే ఎక్కువ తలనొప్పి. అది డాక్టరు తేల్చాలి, మనం సొంతంగా సగం చేయకూడదు. 5 శాతం డెక్స్ట్రోజ్ గంటకి 100 మి.లీ. రాస్తే గంటకి 5 గ్రాముల గ్లూకోజ్ వెళ్తుంది. 20 చుక్కలకు ఒక మి.లీ. ఇచ్చే సెట్‌తో నిమిషానికి 33 చుక్కలు.

70 కిందకి జారితే ఎన్‌పీవో కాబట్టి నోట్లో పంచదార పోయకూడదు. వార్డు స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం 25 శాతం డెక్స్ట్రోజ్, పెద్ద నరంలో, మందు నరం బయటికి పోకుండా చూసుకుంటూ. 100 మి.లీ. బాటిల్లో 25 గ్రాములు ఉంటాయి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

రాత్రి డ్యూటీ సిస్టర్

ఇంత లెక్క ఎందుకండీ? మా వార్డు గోడ మీద ‘100 కన్నా తక్కువుంటే ఇన్సులిన్ ఆపాలి’ అని చార్టు ఉంది. 40 మందికి ఇద్దరం ఉన్నప్పుడు ఇలాంటి గీతే కాపాడుతుంది.

మెడికల్ వార్డు, గుంటూరు

@రాత్రి డ్యూటీ సిస్టర్, గీత ఉండటం మంచిదే. కానీ దాని కింద ‘ఆపి, ఫోన్ చేయాలి’ అని రాసి లేకపోతే అది సగం చార్టు. టైప్ 1 పేషెంట్‌కి 90 ఉందని బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ కూడా ఆపేస్తే సాయంత్రానికి వాంతులు, ఆయాసం, కీటోన్లు. టైప్ 1కి తిండి లేకపోయినా బేసల్ పూర్తిగా ఆపకూడదు. షుగర్ తక్కువుంటే దానికి తోడు గ్లూకోజ్ ఎక్కించాలి. కేస్ షీట్ మీద ‘డీఎం’ (డయాబెటిస్) అని మాత్రమే ఉంటే టైప్ ఏదో అడిగి తెలుసుకోవడం కూడా నర్సు పనే.

ఎన్‌పీవో లేని పేషెంట్‌కి 95 ఉంటే, ఎదురుగా ఇడ్లీ ప్లేటు ఉంటే, ఆపడానికి కారణమే లేదు. ఆపితే మధ్యాహ్నానికి 300. అక్కడ అసలు ఇబ్బంది గడియారంతో. 6కి ఇన్సులిన్ వేసేస్తారు, టిఫిన్ 8కి వస్తుంది. రెగ్యులర్, 30/70 తిండికి అరగంట ముందు ఇచ్చేవి. టిఫిన్ బండి ఎప్పుడొస్తుందో చూసుకుని వేయాలి. వాంతులు అవుతున్నవాళ్లకి, సరిగ్గా తినని ముసలివాళ్లకి తిండి సంగతి తేలేదాకా ఆగి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టర్ని అడగాలి.

గ్లిమిపిరైడ్ (షుగర్ మాత్ర) వేసుకునేవాళ్లకి షుగర్ పడితే ఒకసారి డెక్స్ట్రోజ్ ఎక్కించి వదిలేయొద్దు. మళ్లీ పడుతుంది, ఒక రోజంతా కనిపెట్టాలి.

గుంటూరు ట్యూటర్

విషయం తేలింది, థాంక్స్. మరి మార్కులు ఎలా వేయాలి? కేర్ ప్లాన్ రాయమంటే పుస్తకంలో నుంచి ‘వ్యాధి గురించి అవగాహన లోపం’ దించేస్తున్నారు. పేషెంట్ పేరు తీసేస్తే నలభై రికార్డులూ ఒకటే.

క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, బెజవాడ

రికార్డుకి మార్కులు తగ్గించి, ఇంజెక్షన్ ట్రే ముందు నిలబెట్టి అడగండి. సిరంజిలోకి మందు తీయకముందే మూడు ప్రశ్నలు: ఇప్పుడు ఏం చేయబోతున్నావు? ఏం చూసి ఆ మాట అంటున్నావు? ఏం కనిపిస్తే మనసు మార్చుకుంటావు? మూడోది తట్టుకోవడం కష్టం, ‘డాక్టర్ చెప్తే’ అని తప్పించుకుంటారు. అక్కడే రెండు నిమిషాలు ఊరుకోండి. మీరు జవాబు అందిస్తే రేపు కూడా మీ మొహమే చూస్తారు.

పోస్ట్ కాన్ఫరెన్స్‌లో కొత్త కేసులు వద్దు. ఇదే కేసులో ఒక్కో విషయం మార్చండి. 82 బదులు 240 అయితే? ఆపరేషన్ 9 నుంచి మధ్యాహ్నం 2కి జరిగితే? టైప్ 1 అయితే? డ్రిప్ ఇప్పటికే ఎక్కుతుంటే, అది నార్మల్ సెలైనా, డెక్స్ట్రోజా? ఓటీ వాయిదా పడటం మన దగ్గర రోజూ జరిగేదే, కానీ పుస్తకంలో ఉండదు. వాయిదా పడిందని తెలిసిన నిమిషంలో ‘మరి తిండి పెట్టాలా? ఇన్సులిన్ ఏం చేయాలి?’ అని అడిగిన పిల్లకి నేనైతే ఫుల్ మార్కులు వేస్తాను. సరైన జవాబుకి కాదు, ఏమేం చూసిందో దానికి. ఊహించి సరిగ్గా చెప్పినవాళ్లకి, లెక్క వేసి తప్పు చెప్పినవాళ్లకి తేడా అప్పుడే తెలుస్తుంది.

నోట్ రాయించడం కూడా ఇక్కడే. ‘ఇన్సులిన్ ఇవ్వలేదు’ అని రాస్తే చాలదు. టైము, రీడింగ్, ఎందుకు ఆపారు, ఎవరికి ఎన్ని గంటలకు చెప్పారు, ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు. మూడు లైన్లు. ఓటీకి పంపేటప్పుడు చివరి షుగర్, దాని టైము చెక్‌లిస్టు మీద పైన కనిపించేలా రాయాలి.

మెడికల్ వార్డు, గుంటూరు

సిరంజి సంగతి మర్చిపోయాం. సీసా మీద మి.లీ.కి 40 ఐయూ (యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఐయూ అయితే నారింజ మూత. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 ఐయూ మందుని ఎర్ర సిరంజితో 20 దాకా తీస్తే 50 వెళ్తాయి. పెన్ను కార్ట్రిడ్జిలో ఉండేది 100 ఐయూ, దాంట్లోంచి సిరంజితో లాగడం అలవాటు చేయొద్దు.

డిశ్చార్జి రోజు ఆవిడకి కూడా ఇదే నేర్పాలి. ‘అర్థమైందా అమ్మా?’ అంటే ‘ఆ, అయింది’ అనే వస్తుంది. ‘రేపు ఇంట్లో ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చేసి చూపించండి’ అనండి. 30/70 సీసాని రెండు అరచేతుల మధ్య తెల్లగా కలిసేదాకా దొర్లించాలి, గిలకొట్టకూడదు. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన మట్టి కుండలో చిన్న డబ్బాలో పెట్టమనండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో కుండ అంత చల్లబడదు, అందుకే మే నెలలో ఒకేసారి రెండు మూడు సీసాలు కొని పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐస్ గడ్డకట్టే అరలో పెడుతున్నారేమో అడగండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పారేయాల్సిందే.