మేనకోడలికి అమెరికాలో క్యాథలిక్ యూనివర్సిటీ సీటు వచ్చింది, అమ్మాయిల కాలేజీ అంట, పంపొచ్చా?

సిక్కోలు మేనమామ (ఆమదాలవలస)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఇంటర్ బైపీసీ అయ్యింది. అమెరికాలో డిగ్రీకి అప్లై చేస్తే మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో ఉన్న సెయింట్ కేథరిన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. సైకాలజీ చదివి, తర్వాత పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లాలని దాని ఆశ. స్కాలర్‌షిప్ కొంత ఇస్తామన్నారు కానీ అది పోను మిగిలేది కూడా మా బావకి చిన్న మొత్తం కాదు, ఆయనది పలాసలో జీడిపప్పు వ్యాపారం, ఒక ఏడు బాగుంటే ఇంకో ఏడు ఉండదు.

డబ్బు సంగతి ఒకటైతే ఇంట్లో అసలు గొడవ వేరే. సిస్టర్ల కాలేజీకి పంపితే పిల్లని మతం మార్చేస్తారని మా అమ్మ భయం. యూనివర్సిటీ అంటున్నారు, మళ్లీ ఆడపిల్లల కాలేజీ అంటున్నారు, అంత దూరం వెళ్లి ఆడపిల్లల కాలేజీలో చదవడమేంటి, ఆ మాత్రం విజయనగరంలో లేదా అని బావ. అక్కడి చదువుని లిబరల్ ఆర్ట్స్ అంటున్నారు, నాకైతే అదే అర్థం కావడం లేదు, ఏదో డ్యాన్సు, బొమ్మలు అనుకుంటున్నారు ఇక్కడ అందరూ. ఒక కన్సల్టెన్సీ వాళ్లని అడిగితే అదంతా వద్దు సార్, కంప్యూటర్స్‌కి మార్చేయండి, వేరే యూనివర్సిటీ చూపిస్తాం అన్నారు. పిల్ల రెండు రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

విజయనగరం టీచర్

అన్నయ్య గారూ, మీ అమ్మగారి భయం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే మాట వచ్చింది. నేను విశాఖలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాలలో చదివాను, హాస్టల్లోనే ఉన్నాను. క్యాథలిక్ పిల్లలకి వేరే క్లాసు ఉండేది, మాకు నీతి పాఠాలు ఉండేవి, అంతే. శుక్రవారం నేను తలస్నానం చేసి బొట్టు పెట్టుకుని క్లాసుకి వెళ్తే ఒక్క సిస్టర్ కూడా ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం స్టడీ అవర్లో పుస్తకం ముందు నిద్రపోతే మాత్రం ఊరుకునేవారు కాదు.

మీకు తెలుసో లేదో, మీ పిల్లకి సీటిచ్చిన కాలేజీకీ మన విశాఖ కాలేజీకీ మూలం ఒకటే. 1650లో ఫ్రాన్స్‌లో ల పుయి అనే ఊళ్లో మొదలైన సెయింట్ జోసెఫ్ సిస్టర్ల సంఘం అది. అందులో ఆనెసీ శాఖ సిస్టర్లు 1849లో యానాంలో దిగి తర్వాత విశాఖ చేరారు, వాళ్లే 1958లో ఆ కాలేజీ పెట్టారు. ఇంకో శాఖ 1836లో అమెరికా వెళ్లి సెయింట్ లూయిస్ దగ్గర కరొండలెట్‌లో స్థిరపడింది, ఆ శాఖ వాళ్లే 1905లో సెయింట్ కేథరిన్ కాలేజీ పెట్టారు. ఈ సిస్టర్లు మనకి కొత్తవాళ్లేమీ కాదని మీ అమ్మగారికి చెప్పండి, నూట డెబ్బై ఏళ్లుగా మన తీరంలో ఆడపిల్లలకి చదువు చెబుతున్నవాళ్ల బంధువులే.

ఆడపిల్లల కాలేజీ ఎందుకు అన్న మీ బావగారి మాటకి నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంటర్లో నేను చదివిన కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్‌కి వెళ్తే వైర్లు కలిపేది అబ్బాయిలు, రీడింగులు రాసుకునేది మేము. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు, అదే అలవాటైపోయింది. డిగ్రీకి వచ్చాక మీటర్ బ్రిడ్జి (తీగ నిరోధం కొలిచే పరికరం) ముందు నేనూ ఇంకో అమ్మాయీ మాత్రమే ఉన్నాం, తీగకి తాకించే జాకీ పట్టుకుని, కరెంటు చూపించే గాల్వనోమీటర్ ముల్లు సున్నాకి వచ్చేదాకా జరుపుతూ ఉండాల్సింది మేమే, ముల్లు ఒకే పక్కకి కొట్టుకుంటుంటే కనెక్షన్ ఎక్కడ తప్పిందో వెతకాల్సిందీ మేమే. కాలేజీ డే వస్తే స్టేజీ కట్టించడం, మైకు వాడితో బేరమాడడం, లెక్కలు అప్పజెప్పడం అన్నీ మేమే చేసేవాళ్లం. ఇప్పుడు స్కూల్లో ఏ పని వచ్చినా నేను వెనక్కి తగ్గనంటే ఆ మూడేళ్లే కారణం.

మిన్నియాపోలిస్ రాజాం అబ్బాయి

నేను సెయింట్ పాల్‌ని ఆనుకుని ఉన్న మిన్నియాపోలిస్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను, ఆ క్యాంపస్‌కి చాలాసార్లు వెళ్లాను. ఇక్కడ అందరూ సెయింట్ కేట్స్ అంటారు. ర్యాండాల్ఫ్ ఎవెన్యూ మీద ఉంటుంది, చుట్టూ ఇళ్లే, ప్రశాంతమైన ఏరియా. లోపల చిన్న చెరువు, 1924 నాటి పెద్ద చాపెల్ (ప్రార్థనా మందిరం) ఉన్నాయి.

బావగారి డౌటు న్యాయమైనదే. ఇది కాలేజీగా మొదలై 2009లో యూనివర్సిటీ అయ్యింది. అందులో పగటి డిగ్రీ కాలేజీ మాత్రం అమ్మాయిలకే, మాస్టర్స్ లాంటి పై కోర్సుల్లో మగవాళ్లు కూడా చదువుతారు. అంటే రెండు మాటలూ నిజమే.

లిబరల్ ఆర్ట్స్ అంటే డ్యాన్సు, బొమ్మలు కాదండీ. మెయిన్ సబ్జెక్టు ఒకటి ఉంటుంది, దాంతోపాటు సైన్సు, చరిత్ర, సాహిత్యం, ఫిలాసఫీ, గణితం కొంత కొంత చదవాలి, బాగా రాయడం, నలుగురిలో మాట్లాడడం నేర్పుతారు. బయాలజీ, కెమిస్ట్రీ, గణితం కూడా ఆ చదువులో భాగమే. క్యాథలిక్ యూనివర్సిటీల్లో చాలా చోట్ల థియాలజీ (మతశాస్త్రం) కోర్సు కూడా ఒకటో రెండో చదవాల్సి వస్తుంది, అది ముందే తెలిసి ఉండడం మంచిది, అయితే అది చదివి పరీక్ష రాసే సబ్జెక్టు, మతం పుచ్చుకోవడం కాదు. అమెరికాలో ఫై బీటా కప్పా అని చాలా పాత, గౌరవమున్న విద్యా సంఘం ఉంది, క్యాథలిక్ కాలేజీల్లో దాని శాఖ మొదట వచ్చింది ఈ కాలేజీకే, 1930ల్లో. చదువు విషయంలో తక్కువ అంచనా వెయ్యొద్దు.

చలి గురించి మాత్రం ఎవరేం చెప్పినా తక్కువే. జనవరిలో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయే రోజులుంటాయి. అక్కడ కొన్న స్వెట్టర్లు పనికిరావు, కోటు, బూట్లు ఇక్కడికి వచ్చాకే కొనుక్కోమనండి. మీ అమ్మగారికి ఇంకో మాట, ఇక్కడికి దగ్గర్లోని మేపుల్ గ్రోవ్‌లో పెద్ద హిందూ దేవాలయం ఉంది, పండగలకి మనవాళ్లందరూ అక్కడే కలుస్తాం.

తోటపాలెం లెక్కల మాస్టారు

అందరూ బాగానే చెప్పారు గానీ నేను కొంచెం గట్టిగా చెప్తాను, ఎవరూ బాధపడొద్దు. పిల్ల ఆశ మంచిదే, కాలేజీ మంచిదే. కానీ జీడిపప్పు వ్యాపారం మీద నాలుగేళ్ల డాలర్ల ఫీజు కట్టడమంటే మొదటి ఏడాది కాదు, మూడో ఏడాది చూసుకోవాలి. అక్కడ ప్రైవేటు కాలేజీల ట్యూషనే ఏడాదికి 40 వేల డాలర్లు దాటడం మామూలు, హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ వేరే. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ వస్తుందా, మార్కులు ఎంత తగ్గితే ఆగిపోతుంది, ఫీజు పెరిగినప్పుడు అదీ పెరుగుతుందా, ఇవి మెయిల్లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్టూడెంట్ వీసా మీద చదువు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు, ఆ సంపాదన చేతి ఖర్చుకి సరిపోతుంది గానీ ఫీజుకి చాలదు.

ఉద్యోగం సంగతి. డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో అక్కడే పని చెయ్యడానికి ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు పని చెయ్యొచ్చు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) లిస్టులో ఉన్న సబ్జెక్టయితే ఇంకో 24 నెలలు వస్తాయి. ఈ లిస్టు సబ్జెక్టు పేరుని బట్టి కాదు, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద వేసే సీఐపీ కోడ్‌ని, అంటే ఆ కోర్సుకి ఉండే నంబరుని బట్టి నడుస్తుంది. బయాలజీ, స్టాటిస్టిక్స్ అందులో ఉన్నాయి. సైకాలజీలో కొన్ని కోడ్‌లు ఉన్నాయి, కొన్ని లేవు. ఆ ఒక్క కోడ్ మీద రెండేళ్ల బతుకుతెరువు ఆధారపడి ఉంటుంది కాబట్టి అడగకుండా డబ్బు కట్టొద్దు.

ఇల్లు తాకట్టు పెడితే తప్ప కుదరదు అనుకుంటే నా సలహా ఒకటే. ఇక్కడే విశాఖలోనో విజయనగరంలోనో మంచి డిగ్రీ చేయించి మాస్టర్స్‌కి పంపండి. మన రాష్ట్రంలో ఇప్పుడు నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ కూడా ఉంది. ఆశ వాయిదా వేసినంత మాత్రాన చచ్చిపోదు.

విజయనగరం టీచర్

మాస్టారూ, లెక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ వాయిదా వేసిన ఆశలు ఆడపిల్లలకి తిరిగి రావడం అంత తేలిక కాదండీ, డిగ్రీ అయ్యేసరికి సంబంధాలు మొదలవుతాయి. నా దగ్గర చదివిన పిల్లల్లో మాస్టర్స్‌కి వెళ్తామని ఆగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇక్కడే చదివిస్తే తర్వాత పంపుతామని తండ్రి ఆ పిల్లకి ఎదురుగా మాటివ్వాలి, ఆ డబ్బు దాని పేరు మీదే బ్యాంకులో వెయ్యాలి.

సిక్కోలు మేనమామ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవన్నీ రాత్రి అక్కకీ బావకీ చదివి వినిపించాను, మా అమ్మ కూడా పక్కనే కూర్చుని విన్నది. యానాం సిస్టర్ల సంగతి విన్నాక కొంచెం మెత్తబడింది, గుడి ఎంత దూరం అని అడిగింది. మాస్టారు చెప్పిన ప్రశ్నలన్నీ పిల్ల చేతే మెయిల్ రాయించాం. బావ లోన్ గురించి బ్యాంకులో కనుక్కుంటానన్నాడు, ఇల్లు జోలికి మాత్రం వెళ్లనన్నాడు. పిల్ల ఒకటి అడగమంది, సైకాలజీతో చేరి తర్వాత బయాలజీకి మారొచ్చా? అది ఆ కోడ్ గురించి చదివినప్పటి నుంచీ ఇదే ఆలోచిస్తోంది.

మిన్నియాపోలిస్ రాజాం అబ్బాయి

మారొచ్చు. ఇక్కడి కాలేజీల్లో మేజర్ (మెయిన్ సబ్జెక్టు) రెండో ఏడాది లోపు ఖాయం చేసుకుంటే సరిపోతుంది సాధారణంగా. కాకపోతే బయాలజీకి కెమిస్ట్రీ, ల్యాబులు వరసగా ఉంటాయి, ఆలస్యంగా మారితే ఇంకో సెమిస్టరు, దాని ఫీజు మీద పడతాయి. అందుకని మొదటి సెమిస్టర్లోనే సైకాలజీతో పాటు బయాలజీ, కెమిస్ట్రీ కూడా పెట్టుకోమనండి. మారిన రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పి ఐ-20 కొత్తది తీసుకోవాలి. చెల్లెమ్మకి ఇంకేమైనా డౌట్లుంటే ఇక్కడే రాయమనండి, ఆదివారం చూసి జవాబిస్తాను.