53 అడుగుల స్టెప్ డెక్ ట్రైలర్ ఆర్డర్ ఇవ్వబోతున్నా, అంతకుముందు ఒకసారి చూసి చెప్పండి

డాలస్ గుంటూరోడు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ సొంత ట్రాక్టర్ (ట్రైలర్ లాగే ట్రక్కు) మీద వేరేవాళ్ల డ్రై వ్యాన్లు (మూసిన డబ్బా ట్రైలర్లు) లాగుతున్నాను, పవర్ ఓన్లీ. ఆ రేట్లు చూసి చూసి విసుగొచ్చేసింది. నేను లీజులో ఉన్న కంపెనీకి మెషినరీ లోడ్లు బాగానే ఉన్నాయి. స్టెప్ డెక్ (ముందు ఎత్తుగా ఉండి, వెనకాల ఒక మెట్టు కిందికి దిగే ఓపెన్ ట్రైలర్) తెచ్చుకుంటే ఖాళీగా ఉంచం అని డిస్పాచ్ వాళ్లు (లోడ్లు ఇచ్చేవాళ్లు) అంటున్నారు. వాళ్ల మాట సగం నమ్మినా సరే, వ్యాన్ కంటే నయమనే అనిపిస్తోంది.

ట్రాక్టర్ పీటర్‌బిల్ట్ 389, పొడుగు హుడ్, పెద్ద స్లీపర్. ట్యాంకులు నింపి నేను కూర్చుంటే 19,400 పౌండ్లు తూగుతుంది. డీలర్ ఇచ్చిన కోట్ ఇదీ: 53 అడుగుల కాంబో (స్టీల్ ఫ్రేము, అల్యూమినియం ఫ్లోరు), పై డెక్ 10 అడుగులు, కింది డెక్ 43, ఫిక్స్‌డ్ స్ప్రెడ్ యాక్సిల్ (దూరదూరంగా, జరగకుండా బిగించిన రెండు యాక్సిల్స్), ఎయిర్ రైడ్ (గాలి సస్పెన్షన్), 255/70 ఆర్ 22.5 టైర్లు. ర్యాంపులు వేరే డబ్బు. అదే యార్డులో వాడిన 48 అడుగుల ఫుల్ అల్యూమినియం ఒకటి ఉంది, చూడ్డానికి నీట్‌గా ఉంది.

నా డౌట్లు: 48 చాలా, 53 కావాలా? మొత్తం అల్యూమినియం అయితే మెషినరీకి ఆగుతుందా? డెక్ ఇంకా కిందికి రావాలంటే ఇంకా చిన్నవి, 17.5 టైర్లు వేయించుకోమంటున్నాడు సేల్స్‌మన్. ర్యాంపులు ఇప్పుడే తీసుకోవాలా? మా ఆవిడైతే ఆ డబ్బు ఇంటి డౌన్ పేమెంట్‌కి పెడదామంటోంది. ఆ డౌట్‌కి మాత్రం ఇక్కడ జవాబు చెప్పకండి.

ఒడెస్సా బాబాయ్:

ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టకు తమ్ముడూ. ట్రైలర్ మంచిదే అయ్యుండొచ్చు. నీ ట్రాక్టర్‌కి అది సరిపోతుందో లేదో నువ్వూ కొలవలేదు, డీలరూ కొలిచినట్టు లేడు.

389 పొడుగు బండి, ఫ్రేము తోక కూడా పొడుగే ఉంటుంది. స్టెప్ డెక్‌కి పై డెక్ వెనకాల గూస్‌నెక్ (మెట్టులా వంగే ఫ్రేము) కిందికి దిగుతుంది కదా. బాగా మలుపు తిప్పినప్పుడు ట్రాక్టర్ వెనక మూల, అంటే మడ్‌ఫ్లాప్ బ్రాకెట్, ఆ గూస్‌నెక్‌కో ల్యాండింగ్ గేర్‌కో (ట్రైలర్‌ని నిలబెట్టే కాళ్లు) తగులుతుంది. రేపు ఉదయం టేపు తీసుకుని ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ని తగిలించే పళ్లెం) మధ్య నుంచి మడ్‌ఫ్లాప్ బయటి మూల దాకా ఐమూలగా కొలువు. ఉదాహరణకి, వెనక్కి 62 అంగుళాలు, పక్కకి 48 అంగుళాలు ఉంటే ఐమూల 78 దాటుతుంది. పై డెక్ 10 అడుగులై, కింగ్‌పిన్ (ఆ పళ్లెంలో కూర్చునే ట్రైలర్ పిన్ను) ముందు అంచు నుంచి 30 అంగుళాలు లోపలికి ఉంటే స్టెప్ దాకా మిగిలేది 90. ల్యాండింగ్ గేర్ దానికన్నా ముందుకుంటే ఇంకా తగ్గుతుంది. ఎగుడుదిగుడు డ్రైవ్‌వేలో ఆ కాస్త గ్యాప్ నమ్ముకోలేం. 11 అడుగుల పై డెక్ అయితే ఇంకో అడుగు కలిసొస్తుంది. కింది డెక్ 42 అవుతుంది, దానికేం కొంపలు మునగవు. ఫిఫ్త్ వీల్ ముందుకి జరిపితే తోక ఇంకా బయటికొస్తుంది కాబట్టి నువ్వు నడిపే పొజిషన్‌లోనే పెట్టి కొలువు.

48 మంచి ట్రైలరే, దాన్ని తక్కువ చేయను. కానీ నువ్వు మెషినరీ అంటున్నావు. రెండు చిన్న మెషిన్లు, పై డెక్ మీద వాటి బకెట్లు, అటాచ్‌మెంట్లు పెట్టాలంటే 53లోనే ఊపిరాడుతుంది. బరువు లెక్క కూడా చూడు. మొత్తం బరువు పరిమితి 80,000 పౌండ్లలో నీ ట్రాక్టర్ 19,400, కాంబో 53 ఒక 13,000 అనుకో, చెయిన్లూ బైండర్లూ టార్పులూ ఇంకో 1,500. నికరంగా 46,000 మిగులుతుంది. ఫుల్ అల్యూమినియంతో కొన్ని వందల నుంచి రెండు వేల దాకా లాభం. ఆ తేడా స్టీల్ కాయిల్స్ లాగేవాడికి డబ్బు, నీకు అంత కాదు. పైగా అల్యూమినియం ఫ్లోరు మీద వాన పడితే స్టీల్ ట్రాక్‌ల మెషిన్ సబ్బు మీద ఎక్కినట్టే. ఫ్లోరులో చెక్క పట్టీలు ఎన్ని ఉన్నాయో చూడు. దిమ్మలు మేకులు కొట్టి బిగించాలన్నా అవే దిక్కు.

17.5 టైర్ల జోలికి ఊరికే పోకు. డెక్ మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది, నిజమే. ఆ అంగుళాలతో నీకు నిజంగా లోడ్లు వస్తాయా అన్నదే లెక్క. చాలా రాష్ట్రాల్లో ఎత్తు పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు, అంటే 162 అంగుళాలు. డెక్ 41 ఉంటే 121 అంగుళాల సరుకు పర్మిట్ లేకుండా పోతుంది. మన టెక్సస్‌లో 14 అడుగుల దాకా ఓకే కానీ తూర్పు వైపు పోతే ఆ లెక్క పనికిరాదు. చిన్న టైరు అదే మైలుకి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, వేడెక్కుతుంది, రాత్రిపూట రోడ్డు పక్కన పోతే అన్ని చోట్లా దొరకదు. ఏ టైరు వేసినా సైడ్‌వాల్ మీద డ్యూయల్ (జంటగా వేసినప్పుడు) అని రాసిన పౌండ్లని, టైర్లు ఎనిమిది కాబట్టి, 8తో గుణించు. స్ప్రెడ్ మీద 40,000 వేయాలంటే ఆ గుణింతం 40,000 దాటాలి. 255/70 లోడ్ రేంజ్ హెచ్ (బరువు మోసే గ్రేడు) అయితే 5,070 చొప్పున 40,560 వస్తుంది, గట్టెక్కుతుంది. చిన్న టైర్లలో కొన్ని అక్కడే ఫెయిలవుతాయి, సేల్స్‌మన్ ఆ సంగతి చెప్పడు.

ఇంకొకటి. కోట్‌లో ఫెడరల్ ఎక్సైజ్ టాక్స్ కలిపారో లేదో అడుగు. కొత్త ట్రైలర్ మీద 12 శాతం. 50 వేల డాలర్లయితే 6 వేలు. వాడిన ట్రైలర్‌కి అది ఉండదు.

ఐ5 కాకినాడ:

బాబాయ్ గారు ఏమీ అనలేదు కానీ, కోట్‌లో ఉన్న ఫిక్స్‌డ్ స్ప్రెడ్ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కాలిఫోర్నియా వైపు ఎప్పటికీ రాను అని ఒట్టేస్తే తప్ప ఫిక్స్‌డ్ 53 తీసుకోవద్దు అన్నా. ఇక్కడ 48 దాటిన ట్రైలర్‌కి కింగ్‌పిన్ నుంచి చివరి యాక్సిల్ దాకా 40 అడుగులు మించకూడదు. 53 ఫిక్స్‌డ్ స్ప్రెడ్‌లో వెనక యాక్సిల్ అంతకన్నా చాలా వెనకుంటుంది. వెయిట్ స్టేషన్‌లో టేపు పట్టుకుని నించుంటారు, బతిమాలినా లాభం లేదు. 48కి నేషనల్ నెట్‌వర్క్ రోడ్ల (పెద్ద ట్రక్కులకి కేటాయించిన ఫెడరల్ హైవేలు) మీద ఆ గొడవ లేదు, అందుకే నాది 48.

53 కావాలనుకుంటే యాక్సిల్స్ జరిగేది తీసుకోండి. వెనక యాక్సిల్ ముందుకి జరిపితే చివరి రంధ్రంలో కింగ్‌పిన్ నుంచి ఎంతుందో డీలర్ చేత కాగితం మీద రాయించుకోండి. 40 లోపల రాని స్లైడర్లు కూడా ఉంటాయి. దగ్గరికి జరిపితే అది మామూలు టాండెం (దగ్గరగా ఉండే జంట యాక్సిల్) అయిపోతుంది, 40,000 కాస్తా 34,000కి దిగుతుంది. రెండు యాక్సిల్స్ మధ్య 10 అడుగులు ఉంటేనే బ్రిడ్జ్ ఫార్ములాలో (యాక్సిల్స్ మధ్య దూరాన్ని బట్టి బరువు తేల్చే లెక్క) 40,000 వస్తుంది. స్ప్రెడ్‌లు 10 అడుగుల 1, 10 అడుగుల 2 అంగుళాలు అని కడుతున్నది అందుకే.

స్ప్రెడ్ తీసుకుంటే టైర్లకి బడ్జెట్ పక్కన పెట్టుకోండి. వేసవిలో ట్రక్ స్టాప్‌లో బాగా మలుపు తిప్పితే టైరు ఒరిగిపోయి రిమ్ దగ్గర నలిగేది అద్దంలో కనిపిస్తుంది, రబ్బరు మూలుగుడు కూడా వినిపిస్తుంది. ముందు యాక్సిల్ గాలి వదిలే డంప్ వాల్వ్ పెట్టించండి. స్విచ్ క్యాబ్‌లో పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక్క యాక్సిల్ గాలి వదిలే కంట్రోల్ ట్రైలర్ మీదే ఉండాలని ఫెడరల్ రూల్. క్యాబ్‌లో ఉండాలంటే గాలి లేనప్పుడు బండి గంటకి 10 మైళ్లు దాటకుండా ఏర్పాటుండాలి. దిగి నొక్కడం చిరాకే, అలవాటైపోతుంది.

డాలస్ గుంటూరోడు:

ఇద్దరికీ థాంక్స్. పొద్దున్నే కొలిచాను. వెనక్కి 66, పక్కకి 48. ఐమూల 81 దాటింది. డీలర్‌కి ఫోన్ చేసి కింగ్‌పిన్ ఎక్కడుందని అడిగితే "స్టాండర్డ్" అన్నాడు. అంగుళాల్లో చెప్పమంటే కనుక్కుని చెప్తా అన్నాడు, ఇంకా చెప్పలేదు.

కాలిఫోర్నియా నాకు తక్కువ. ఎక్కువగా అయోవా, నెబ్రాస్కా నుంచి వ్యవసాయ యంత్రాలు, హ్యూస్టన్ నుంచి పైకి పంపులు, కంప్రెసర్లు. ర్యాంపులు, చెయిన్ పాయింట్ల గురించి ఎవరూ చెప్పలేదు.

ఒడెస్సా బాబాయ్:

"స్టాండర్డ్" అనేది కొలత కాదు. పై డెక్ 11, కింగ్‌పిన్ పొజిషన్, స్వింగ్ క్లియరెన్స్ (మలుపులో తగలకుండా మిగిలే గ్యాప్), మూడూ అంగుళాల్లో ఆర్డర్ షీట్ మీద రాయించు. రాయనన్నాడంటే వేరే డీలర్‌ని చూసుకో.

కాకినాడ చెప్పిన స్లైడర్ మాట సబబే. నేను పశ్చిమానికి పోను కాబట్టి నాది ఫిక్స్‌డ్, బరువూ తక్కువ, జామయ్యే పిన్నులూ లేవు. నీ రూట్లకి ఫిక్స్‌డ్ చాలు. కాలిఫోర్నియా లోడ్ నెలకొకటి వస్తుందని డిస్పాచ్ కాగితం మీద చూపిస్తే అప్పుడు మనసు మార్చుకో.

చెయిన్ పాయింట్ల దగ్గర పిసినారితనం వద్దు. 10,000 పౌండ్లు దాటిన మెషిన్‌కి కనీసం నాలుగు కట్లు అని అందరికీ తెలుసు, అక్కడితో ఆగిపోతారు. మెషిన్ కొక్కెం నుంచి ట్రైలర్ కొక్కేనికి నేరుగా వేసిన చెయిన్‌కి దాని రేటింగ్‌లో సగమే లెక్క. 3/8 గ్రేడ్ 70 చెయిన్ రేటింగ్ 6,600 పౌండ్లు అంటే లెక్కలోకొచ్చేది 3,300. 40,000 పౌండ్ల మెషిన్‌కి సగం, అంటే 20,000 కావాలి. ఆరు చెయిన్లు వేస్తే 19,800, చాలదు. ఏడోది వేయాల్సిందే. బకెట్‌కి వేరే కట్టు. ఇవన్నీ తగిలించడానికి కింది డెక్ పొడుగునా చోటుండాలి, ఆ పాయింట్ల రేటింగ్ కూడా చెయిన్‌కి తగ్గకూడదు. స్పెక్ షీట్‌లో ఎన్ని, ఎంతెంత దూరంలో అని చూడు. తర్వాత వెల్డింగ్ పెట్టించుకుందాంలే అనుకోవద్దు, ఫ్రేముకి ఎక్కడ పడితే అక్కడ వేడి తగిలిస్తే వారంటీ గోవిందా.

ర్యాంపులు తీసుకో, వ్యవసాయ యంత్రాలంటే డాక్ లేని చోట్లకే పోతావు. కానీ 8 అడుగుల ర్యాంపు 40 అంగుళాల డెక్‌కి ఆనిస్తే వాలు సుమారు 25 డిగ్రీలు. పెద్ద పొలం ట్రాక్టర్ ఎక్కేస్తుంది. పొట్ట కిందికున్న సిజర్ లిఫ్ట్ లాంటిది ర్యాంపు పైఅంచు దగ్గర కూర్చుండిపోతుంది. అలాంటివి తరచూ వస్తే బీవర్‌టెయిల్ (వెనక కొస కిందికి వాలిన డెక్) సంగతి అడుగు. లేదంటే నాలుగు గట్టి దిమ్మలు దగ్గరుంచుకుని ర్యాంపు కింది కొసన పెట్టి ఎత్తు సరిచేసుకో.

ఐ5 కాకినాడ:

యార్డుకి వెళ్లినప్పుడు ఆ వాడిన 48ని కూడా కిందికి దూరి చూడండి అన్నా, ఊరికే వదిలేయకండి. టార్చ్ పట్టుకుని స్టెప్ మలుపు దగ్గర వెల్డ్‌ల మీద గోరుతో గీకండి. అల్యూమినియంలో పగులు వెంట్రుకలా ఉంటుంది, మురికి కింద కనపడదు. అక్కడే కొత్తగా పాలిష్ చేసి మెరుస్తుంటే ఎందుకు చేశారని అడగండి.

డాలస్ గుంటూరోడు:

శనివారం వెళ్తున్నా, టార్చ్, టేపు రెండూ పట్టుకెళ్తా. డీలర్ ఇప్పుడే మెసేజ్ పెట్టాడు: కింగ్‌పిన్ 30 అంగుళాలు, 11 అడుగుల పై డెక్‌కి ఇంకో మూడు వారాలు ఆగాలట. ఆగుతానని చెప్పేశా.