పడుకుంటే కాళ్ళు ఆగవు, తెల్లవారుజామున మెలకువ వస్తే ఒళ్ళు కదలదు

ప్రశ్న: ఖమ్మం టీచర్

నా వయసు 41. ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆరేడేళ్ళుగా నన్ను వేధిస్తున్న రెండు బాధలను ఒకేచోట రాస్తున్నాను. అవి వేర్వేరా, లేక ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయా అన్నదే నా సందేహం.

మొదటిది కాళ్ళ బాధ. పగలు తరగతి గదిలో నిలబడి ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక నడుము వాల్చగానే రెండు పిక్కల లోపల, ఎక్కడో చేతికి అందనంత లోతున, సోడా బుడగలు లేస్తున్నట్లు మొదలవుతుంది. అది నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. కాలు కదిపి తీరాలన్న ఆత్రం తప్ప దానికి మరో పేరు పెట్టలేకపోతున్నాను. కదిపితే ఆ క్షణానికి పోతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. అందుకని లేచి హాల్లో అటూ ఇటూ తిరుగుతాను, చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనిస్తాను, ఒక్కోసారి చున్నీతో పిక్కలు బిగించి కట్టుకుని పడుకుంటాను. నిద్ర పట్టేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. హైదరాబాదుకు రాత్రి బస్సులో వెళ్ళడం పూర్తిగా మానేశాను. చిన్నప్పుడు కూర్చుని కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రమని మా నాయనమ్మ తొడ మీద ఒక్కటి వేసేది. మా అత్తగారు ఆ మాట పైకి అనరు గాని ఆవిడ చూపు అదే చెబుతుంది.

రెండవది తెల్లవారుజామున వస్తుంది. కళ్ళు తెరుచుకుంటాయి, ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, పక్కన మావారి గురక వినిపిస్తుంది, కాని చిటికెన వేలు కూడా కదలదు, గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నంత బరువు. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు, అదీ ప్రతిసారీ ఒకే చోట, కొక్కేనికి తగిలించిన నా స్కూలు సంచి పక్కనే. నిమిషం లోపే అంతా మాయమైపోతుంది గాని ఆ తరువాత పడుకోవడానికి ధైర్యం చాలదు. ఇది నెలకు రెండు మూడుసార్లు వస్తోంది.

మా ఊళ్ళో చూపించుకున్న డాక్టరుగారు హిమోగ్లోబిన్ 12.1 ఉంది కాబట్టి రక్తహీనత లేదని, ఇదంతా టెన్షన్ వల్లేనని చెప్పి బి12 మాత్రలు రాశారు. వాటితో తేడా కనిపించలేదు. మెదడుకు సంబంధించిన జబ్బేమోనన్న భయం పట్టుకుంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: వరంగల్ పెద్దాయన

అమ్మా, మీరు రాసిన మొదటి బాధను రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు; 1940లలో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ దానికి ఈ పేరు పెట్టాడు. నాకిది పదిహేనేళ్ళుగా ఉంది. కదలాలనే ఆత్రం, విశ్రాంతిలో పెరగడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి ముదరడం అనే నాలుగూ కలిసి, వాటికి మరో కారణం కనిపించకపోతే దీన్ని గుర్తించడానికి దాదాపు సరిపోతుంది, స్కానింగులు అక్కరలేదు. పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది, ఇందులో అలా జరగదు.

నా అనుభవంలో ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నాకు మొదట ప్రమిపెక్సోల్ మాత్ర ఇచ్చారు. మొదటి రాత్రే పసిపిల్లాడిలా నిద్రపోయాను, ఆ మాత్రకు దండం పెట్టుకున్నాను. మూడో ఏడాదికి రాత్రి పదింటికి రావలసిన ఆత్రం సాయంత్రం ఆరింటికే రావడం మొదలైంది, తరువాత మధ్యాహ్నం భోజనం దగ్గరికి జరిగింది, చివరకు చేతులకు కూడా పాకింది. మోతాదు పెంచినకొద్దీ వారం పదిరోజులు సుఖం, ఆ తరువాత మునుపటికంటే అన్యాయం. మందే జబ్బును ముందుకు లాక్కొస్తోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మెదడులో కబుర్లు మోసే డోపమిన్ అనే రసాయనంలా పనిచేసే ఈ రకం మందులతో ఇలా జరుగుతుందని ఇప్పుడు వైద్యులకు బాగా తెలుసు. 2025లో వచ్చిన అమెరికన్ నిద్ర వైద్యుల మార్గదర్శకాలు వీటిని మామూలుగా వాడవద్దనే అంటున్నాయి. నాకు న్యూరాలజిస్టు ఆ మాత్రను నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి ప్రీగాబలిన్ అనే వేరే రకం మందుకు మార్చారు. ఆ తగ్గించిన రోజులు నరకమే. ఎవరైనా మీకు మొదటే ఆ మందు రాస్తే, ఇనుము పరీక్ష ముందు చేద్దామని అడగండి.

జవాబు: పాత ల్యాబ్ మనిషి

పైన పెద్దాయన చివరి మాట దగ్గరే నేను అందుకుంటాను. ముప్ఫై ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి మందుల జోలికి పోను, పరీక్ష గురించి మాత్రం చెబుతాను.

హిమోగ్లోబిన్ 12.1 ఉందంటే ఇనుము సరిపడా ఉందని అర్థం కాదు. హిమోగ్లోబిన్ ఇంట్లో వండి పెట్టిన అన్నం, ఒంట్లో దాచి ఉన్న ఇనుము ఎంతో చెప్పే ఫెరిటిన్ గాదెలోని ధాన్యం. గాదె అడుగంటుతున్నా కొన్నాళ్ళపాటు విస్తట్లో అన్నం కనిపిస్తూనే ఉంటుంది. మెదడులో డోపమిన్ తయారు కావడానికి ఇనుము కావాలి, ఈ కాళ్ళ బాధకు ఇనుముతో సంబంధం అక్కడే. చిక్కేమిటంటే, స్త్రీలకు ఫెరిటిన్ 15 ఉన్నా చాలా రిపోర్టులు నార్మల్ అనే అచ్చు వేస్తాయి, కాని ఈ జబ్బు ఉన్నవారికి 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే చాలు, ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. అందుకని రిపోర్టులో పక్కన ఉన్న హద్దులు చూసి తృప్తిపడకుండా అసలు అంకె అడగండి. ఫెరిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతమేర నిండి ఉందో చెప్పే పరీక్ష) కూడా పొద్దున్నే పరగడుపున చేయించండి, ముందురోజు ఇనుము మాత్ర వేసుకోకండి. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగగా పెరుగుతుంది కాబట్టి ఆ వారం వద్దు.

రెండు ప్రశ్నలు: మీకు నెలసరి ఎక్కువగా అవుతుందా? నిద్ర కోసమో జలుబు కోసమో ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?

జవాబు: రైల్వే రాత్రి డ్యూటీ

టీచర్ గారూ, మీ తలుపు దగ్గర మనిషి నాకు పాత స్నేహితుడు. పన్నెండేళ్ళుగా వారం విడిచి వారం రాత్రి డ్యూటీ చేస్తున్నాను, డ్యూటీ మారిన ప్రతిసారీ ఆయన దర్శనమిస్తాడు. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు వచ్చే నిద్రలో, మనం కలకు తగ్గట్లు లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను కట్టేసి ఉంచుతుంది. మెలకువ వచ్చినా ఆ కట్టు కొన్ని క్షణాలు విడిపోకపోతే ఇదే జరుగుతుంది, సగం కల కళ్ళెదుటే నడుస్తుంది. ఆ కట్టులో కళ్ళూ ఊపిరి తీసే డయాఫ్రమూ ఉండవు కాబట్టి ఊపిరి ఆగదు, కాని ఛాతీ కండరాలతో గట్టిగా పీల్చుకోవాలంటే సాధ్యం కాదు. ఆ గుండెల మీద బరువు చాలావరకు అదే. కలల నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ, మీకు తెల్లవారుజామునే రావడానికి కారణం అది.

మీ సందేహానికి నా జవాబు ఏమిటంటే, రెండూ వేర్వేరు విషయాలే గాని మొదటిది రెండోదానికి తలుపు తీస్తోంది. నిద్ర చాలకపోవడం, వేళ తప్పడం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పిలిచే మూడు కారణాలు. కాళ్ళు మీ నిద్రను రెండింటి దాకా తినేస్తుంటే ఇది రాకుండా ఎలా ఉంటుంది?

వచ్చినప్పుడు ఒళ్ళంతా ఒక్కసారి కదపాలని పెనుగులాడకండి, భయం పెరగడమే మిగులుతుంది. నేను కళ్ళు అటూ ఇటూ తిప్పుతాను, కుడికాలి బొటనవేలు ఒక్కదాని మీదే మనసు పెడతాను. ఒక్క వేలు కదిలిందంటే మిగతాదంతా విడిపోతుంది. మా ఆవిడకు కూడా చెప్పి పెట్టాను, గొంతులోంచి సన్నటి మూలుగు వినిపిస్తే భుజం తట్టమని. మా అమ్మమ్మ అయితే నా దిండు కింద ఇనుప అడకత్తెర పెట్టేది.

ఒక్క హెచ్చరిక: పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోవడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోవడం ఉంటే అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, అప్పుడు న్యూరాలజిస్టును కలవడం ఆలస్యం చేయకండి.

మళ్ళీ ఖమ్మం టీచర్ (ఐదు వారాల తరువాత)

అందరికీ నమస్కారం. ల్యాబ్ గారి రెండు ప్రశ్నలకూ జవాబు అవుననే. నెలసరి మూడేళ్ళుగా చాలా ఎక్కువగా ఉంది, దానికీ కాళ్ళకూ సంబంధం ఉంటుందని ఊహించనైనా లేదు. నిద్ర పడుతుందని వారానికి నాలుగు రోజులు ఫెనిరమిన్ ఉన్న అలర్జీ మాత్ర వేసుకునేదాన్ని. ఆ రకం మాత్రలు మత్తు ఇచ్చినట్లే ఇచ్చి కాళ్ళను మరింత రెచ్చగొడతాయని కొత్త డాక్టరుగారు చెప్పారు. అది మానేసిన మూడోరోజుకే ఆత్రం సగానికి తగ్గింది. నాకు నార్కోలెప్సీ లక్షణాలు లేవని కూడా అడిగి నిర్ధారించుకున్నారు.

ఫెరిటిన్ 11 వచ్చింది. నా గాదెలో ఎలుకలు కూడా ఉండలేవు. రోజు విడిచి రోజు ఒక ఇనుము మాత్ర రాశారు, రోజూ వేసుకోవడం కంటే అలా అయితేనే ఒంటికి బాగా పడుతుందట. మలం నల్లగా వస్తే కంగారు పడవద్దన్నారు. భోజనమైన వెంటనే కాఫీ తాగే అలవాటు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది, ఎందుకంటే కాఫీ టీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మాత్రను పొద్దున్నే నిమ్మరసంతో వేసుకుని, గంటన్నర ఆగి కాఫీ తాగుతున్నాను. ఆ గంటన్నరలో ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. గర్భాశయం స్కానింగ్ వచ్చేవారం ఉంది. గాదె నిండడానికి కనీసం మూడు నెలలు పడుతుందన్నారు, అప్పుడు మళ్ళీ పరీక్ష.

కాళ్ళు ఇంకా పూర్తిగా ఆగలేదు, పదకొండున్నర దాకా హాల్లో తిరుగుడు ఉంది. ఆ మనిషి ఈ ఐదు వారాల్లో ఒక్కసారే వచ్చాడు. పక్కకు తిరిగి పడుకోవాలని తెలిసి కూడా ఆ రాత్రి వెల్లకిలా నిద్రపోయాను. బొటనవేలి మీద మనసు పెట్టాను, మావారు భుజం తట్టారు. లేచి, ఆ స్కూలు సంచిని కొక్కెం మీంచి తీసి వంటగదిలో పెట్టి వచ్చాను.